పేద్రో పారమో చదువుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

మెక్సికో రచయిత హువాన్ రూల్ఫో రాసిన పేద్రో పారమో అనే ఈ చిన్న నవల ఎవరి చేతిలో పెట్టినా వారం తిరక్కుండా ఫోన్ వస్తుంది. ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు? వీడు బతికే ఉన్నాడా? నా కాపీలో పేజీలు తారుమారయ్యాయా? ఏళ్ళ తరబడి అవే అనుమానాలు, దాదాపు అదే వరసలో. అందుకే అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను. మీరు పుస్తకంలో ఎంతవరకు వచ్చారో చూసుకుని ఆ భాగానికి వెళ్ళండి. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. కథ ముందే తెలిసిపోతుందేమో అని టెన్షన్ ఉంటే మొదటి రెండు భాగాల దగ్గర ఆగిపోండి.

## పుస్తకం తెరవక ముందు

ఇంతకీ ఇది ఏం కథ?

చనిపోతున్న తల్లి చేతిలో చెయ్యి వేసి ఒక కొడుకు మాట ఇస్తాడు. కొమాలా అనే ఊరికి వెళ్ళి, తమని ఏనాడూ పట్టించుకోని తండ్రిని నిలదీసి, తమకి రావాల్సింది రాబట్టుకుంటానని. కొడుకు పేరు హువాన్ ప్రెసియాదో, తండ్రి పేరు పేద్రో పారమో. ఆగస్టు ఎండలో చెమటలు కక్కుతూ ఆ ఊరు చేరతాడు. తీరా చూస్తే తండ్రి పోయి చాలా ఏళ్ళయింది. తలుపులు ఊడిపోయి, గడ్డి మొలిచిన ఇళ్ళు. మనుషుల గొంతులు వినిపిస్తాయి, మనుషులు కనిపించరు. ఆ గొంతుల్లోంచే ఒక భూస్వామి ఎలా ఎదిగాడో, ఒక ఊరు ఎలా చచ్చిపోయిందో మనకి తెలుస్తుంది.

నూట ముప్పై పేజీలు కూడా లేని పుస్తకానికి ఇంత పేరు ఎందుకు?

1955లో మెక్సికో సిటీలో ఫోందో దె కుల్తూరా ఎకొనోమికా అనే సంస్థ దీన్ని రెండు వేల కాపీలు వేసింది. అప్పటికి రూల్ఫోది వచ్చిన పుస్తకం ఒక్కటే, కథల సంపుటి. మెక్సికో విప్లవం గురించి, పల్లెల గురించి అంతకుముందు చాలా నవలలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం జరిగింది జరిగినట్టు, వరసగా చెప్పినవే. రూల్ఫో ఆ వరసని పగలగొట్టాడు. కాలాన్ని ముక్కలు చేసి, చచ్చిపోయినవాళ్ళ చేత మాట్లాడించాడు. అయినా భాష మాత్రం హలిస్కో రాష్ట్రంలోని రైతు మాట్లాడే భాషే, పొదుపైన మాటలు. ఆ తర్వాత లాటిన్ అమెరికాలో నవల రాయడానికి కూర్చున్నవాళ్ళు ఈ పుస్తకాన్ని దాటి వెళ్ళక తప్పలేదు.

కొలంబియా నవలాకారుడు గార్సియా మార్కెస్‌కీ ఈ నవలకీ ఏదో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, ఆయనే రాసుకున్నాడు. 1961లో మెక్సికో సిటీకి కొత్తగా వచ్చాడు. చేతిలో కొన్ని పుస్తకాలు ఉన్నా, ఇకముందు ఎలా రాయాలో తోచక ఆగిపోయి ఉన్నాడు. ఒకరోజు స్నేహితుడు, కవి ఆల్వరో మూతిస్ ఏడు అంతస్తుల మెట్లు ఎక్కి ఒక పుస్తకాల కట్టతో ఆయన ఇంటికి వచ్చాడు. అందులోంచి అన్నిటికన్నా చిన్నదాన్ని తీసి, ఇది చదివి నేర్చుకో అని తిట్టినట్టే చెప్పి ఇచ్చాడు. ఆ రాత్రి రెండుసార్లు చదివితేగానీ మార్కెస్‌కి నిద్ర పట్టలేదు. తర్వాత పుస్తకం మొత్తం కంఠతా వచ్చేసిందట. ఆరేళ్ళకి, 1967లో ఆయన నవల వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్ వచ్చింది. దాని మొదటి వాక్యం కూడా "చాలా ఏళ్ళ తర్వాత" అనే మొదలవుతుంది. అది మీకు గుర్తుంటే, ఈ నవలలో ఊరి చర్చి గురువు ఫాదర్ రెంతెరియా "చాలా ఏళ్ళ తర్వాత" ఒక రాత్రిని తలుచుకునే వాక్యం దగ్గర కాసేపు ఆగండి. నాకైతే అక్కడ ఒళ్ళు జలదరించింది.

మ్యాజికల్ రియలిజం అంటే మన చందమామ కథల్లాంటిదా?

కాదు. చందమామ కథలో భేతాళుడు మాట్లాడితే, ఇది వింత అని కథకే తెలుసు. ఇక్కడ చచ్చిపోయినావిడ వచ్చి, "మీ అమ్మ నువ్వు ఇవాళ వస్తావని చెప్పింది" అంటుంది, గది చూపిస్తుంది. అమ్మ పోయి వారమైంది అని కొడుకు చెబితే, "ఓహో, అందుకేనా గొంతు అంత నీరసంగా ఉంది" అంటుంది. ఎవరూ ఉలిక్కిపడరు. ఆ ప్రశాంతతలోనే అసలు సంగతంతా ఉంది. ఇంకో మాట: రూల్ఫో ఈ నవల రాసేనాటికి ఇదొక పెద్ద సాహిత్య ఉద్యమం కాదు. ఆ ముద్ర తర్వాత పడింది. అందుకని ఎగిరే తివాచీలు వెతుక్కుంటూ వెళ్ళకండి. ఇందులో ఉన్నది ఎండ, దుమ్ము, ఆకలి, నేల లోపలి నుంచి వచ్చే మాటలు.

పేర్లు ఎలా పలకాలి?

స్పానిష్‌లో "జె" అక్షరం "హ" అవుతుంది కాబట్టి హువాన్, జువాన్ కాదు. పారమోలో ఒత్తు మొదటి అక్షరం మీద. ఎదువిహెస్, దమియానా, దొరోతియా, అబుందియో, సుసానా, ఫుల్గోర్ సెదానో. "దోన్" అంటే మన "గారు" లాంటిది, కాస్త దొరతనం కలిసిన గారు.

ఇంగ్లీషులో ఏ అనువాదం కొనుక్కోవాలి?

మూడు ఉన్నాయి. లైసాండర్ కెంప్ చేసింది 1959లో వచ్చింది, మార్గరెట్ సేయర్స్ పెడెన్ చేసింది 1994లో, డగ్లస్ వెదర్‌ఫర్డ్ చేసింది 2023లో. పాత కెంప్ అనువాదం దొరికినా చదవచ్చు, కానీ మొదటిసారి చదివేవాళ్ళకి నేను పెడెన్ గానీ వెదర్‌ఫర్డ్ గానీ చెబుతాను. పెడెన్‌లో ఒక సంగీతం ఉంది. వెదర్‌ఫర్డ్ మూలంలోని మొరటుతనాన్ని, పొడి వాక్యాల్ని ఎక్కువ నిలబెట్టినట్టు నాకు అనిపిస్తుంది. షాపులో ఒకే పేజీని రెండిట్లోనూ చదివి, చెవికి ఏది నచ్చితే అది తీసుకోండి.

మెక్సికో చరిత్ర తెలియకపోతే అర్థం కాదా?

రెండు సంగతులు చాలు. ఒకటి, 1910లో మొదలైన విప్లవం. పోర్ఫీరియో దియాస్ సుదీర్ఘ పాలనలో పల్లె భూములన్నీ పెద్ద పెద్ద హసియెండాల (దొరల ఎస్టేట్ల) కింద పోగుపడ్డాయి. ఆ తర్వాత పదేళ్ళ పాటు యుద్ధం. రెండోది, 1926 నుంచి 1929 దాకా జరిగిన క్రిస్తెరో యుద్ధం. చర్చి మీద ప్రభుత్వం పెట్టిన ఆంక్షలకి ఎదురు తిరిగి కాథలిక్ రైతులు ఆయుధాలు పట్టారు, హలిస్కో ప్రాంతం అందులో బాగా నలిగిపోయింది. నవలలో ఈ రెండూ దూరం నుంచి వినిపించే తుపాకీ మోతల్లా వచ్చి పోతాయి. మన గడీల దొరల గురించి విన్న తెలుగు పాఠకుడికి పేద్రో పారమోని ఎవరూ ప్రత్యేకంగా పరిచయం చెయ్యక్కర్లేదు.

## మొదటి నలభై పేజీల్లో

ఇరవై పేజీలకే తల తిరిగిపోయింది. నాకే అర్థం కావట్లేదా?

మీ ఒక్కరికే కాదు. నేను మొదటిసారి ముప్పయ్యో పేజీ దగ్గర పుస్తకం మూసేశాను, మళ్ళీ తెరవడానికి ఏడాది పట్టింది. నవలలో అధ్యాయాలు లేవు, అంకెలు లేవు. డెబ్బై దాకా చిన్న చిన్న ముక్కలు, మధ్యలో ఖాళీ జాగా. ముక్క మారితే కాలం మారవచ్చు, చెప్పే మనిషి మారవచ్చు. పెద్ద ప్రతిని సగానికి కోసేశానని రూల్ఫో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. కోసేసింది ముఖ్యంగా వివరణలనే. ఖాళీల్ని పాఠకుడే నింపుకోవాలని ఆయన కోరిక. రాత్రి కరెంటు పోయినప్పుడు పక్కింట్లో మాటలు వింటాం చూడండి, ఎవరు ఎవరో మెల్లగా గొంతుని బట్టి తెలుస్తుంది. అలా చదవండి. వెనక్కి తిప్పి లెక్కలు సరిచూసుకోవద్దు.

ఇప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో కనిపెట్టడానికి ఏదైనా గుర్తు ఉందా?

ఉంది. "నేను" అంటూ సాగేది చాలా వరకు హువాన్ ప్రెసియాదో ప్రయాణం. "అతను, ఆమె" అంటూ సాగేది పాతకాలపు కొమాలా, పేద్రో పారమో చిన్నతనం నుంచి చావు దాకా. మొదటి పెద్ద మలుపు చూడండి. ఎదువిహెస్‌తో హువాన్ మాట్లాడుతూ ఉంటాడు. ఒక ఖాళీ జాగా. వెంటనే పెంకుల నుంచి నీళ్ళు కారి పెరటి ఇసుకలో గుంట పడుతున్న చప్పుడు. ఎండి బీటలు వారిన ఊళ్ళో వాన ఎక్కడిది? అదే గుర్తు. వాన, పచ్చదనం, కోళ్ళ అరుపులు ఉంటే అది గతం. మరుగుదొడ్డిలో కూర్చుని సుసానాని, ఆమెతో గాలిపటాలు ఎగరేసిన కొండని తలుచుకుంటున్న ఆ పిల్లవాడే పేద్రో పారమో. అంత సుకుమారమైన వాక్యాలు అతని తలపులవి అని తర్వాత తెలిసినప్పుడు మనసు చివుక్కుమంటుంది.

మధ్యలో వాలు అక్షరాల్లో వచ్చే మాటలు ఎవరివి?

మొదటి సగంలో అవి ఎక్కువగా హువాన్ తల్లి దోలోరెస్‌వి. పెళ్ళయ్యాక కొన్నేళ్ళకే కొమాలా విడిచిపెట్టి కొలీమాలో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది, బతికినంత కాలం ఆ ఊరి మీదే బెంగ. పచ్చటి మైదానం, గాలికి ఊగే మొక్కజొన్న, తేనె వాసన, రొట్టె వాసన. కొడుకు చూస్తున్నది బూడిద, చెవిలో వింటున్నది తల్లి చెప్పిన పచ్చదనం. రూల్ఫో ఈ రెండిటినీ పక్కపక్కనే పెట్టి ఒక్క మాట కూడా అనడు.

అమ్మ ఫొటోకి ఆ చిల్లులు ఎందుకు?

చాలామంది గబగబా దాటేసే చోటు ఇది. చొక్కా జేబులో తల్లి ఫొటో పెట్టుకుని హువాన్ నడుస్తూ ఉంటాడు. ఆ ఫొటో వంటింట్లో, వాసన ఆకులు వేసి పెట్టిన ఒక గిన్నెలో దొరికింది. ఫొటోలు దిగడం చేతబడికి దారి అని దోలోరెస్ నమ్మేది, దిగడానికి ఇష్టపడేది కాదు. ఆమె భయం నిజమే అన్నట్టు ఫొటో నిండా సూదితో పొడిచినట్టు చిల్లులు. గుండె దగ్గర మాత్రం నడిమి వేలు పట్టేంత పెద్ద చిల్లు. ఎవరు పొడిచారో నవల చెప్పదు. ఆ ఫొటో చూసి తండ్రి తనని గుర్తుపడతాడని కొడుకు ఆశ. గుండె ఉండాల్సిన చోట వేలు దూరేంత ఖాళీ ఉన్న ఫొటో పట్టుకుని తండ్రిని వెతకడానికి వెళ్ళడం! నవలంతా ఆ ఒక్క వస్తువులో ఉంది అనిపిస్తుంది నాకు.

కొమాలా నిజంగా ఉన్న ఊరేనా?

కొలీమా రాష్ట్రంలో కొమాలా అనే ఊరు ఉంది, తెల్లటి గోడలతో, చుట్టూ పచ్చగా, చూడ్డానికి అందంగా ఉంటుంది. నవలలోని ఊరు అది కాదు. రూల్ఫో పెరిగిన దక్షిణ హలిస్కోలోని సాన్ గబ్రియేల్, తుష్కకుయెస్కో ప్రాంతాలు దీనికి ఆధారం. పేరుని మాత్రం అర్థం కోసం తీసుకున్నాడు. కొమాల్ అంటే మెక్సికోలో తోర్తియా రొట్టెలు కాల్చే పెనం. పెనం మీద ఊరు. గాడిదలు తోలుకుంటూ దారి చూపిన అబుందియో ఒక మాట అంటాడు: ఇక్కడ చచ్చి నరకానికి పోయినవాళ్ళు కూడా దుప్పటి కోసం వెనక్కి వస్తారట, అంత వేడి ఈ ఊళ్ళో. మన రెంటచింతల మే నెల తెలిసినవాళ్ళకి ఊహించుకోవడం కష్టం కాదు.

పేర్లు గుర్తుండట్లేదు. కనీసం ఎవరెవరు తెలియాలి?

ఒక కాగితం మీద ఇంత రాసి పుస్తకంలో పెట్టుకోండి. హువాన్ ప్రెసియాదో, వెతుక్కుంటూ వచ్చిన కొడుకు. దోలోరెస్, అతని తల్లి. ఎదువిహెస్ దియాదా, ఆమె స్నేహితురాలు, ఇంట్లో చోటిచ్చే మనిషి. దమియానా సిస్నేరోస్, పేద్రో పారమో హసియెండా అయిన మేదియా లూనాలో పనిచేసే పెద్దావిడ. ఫుల్గోర్ సెదానో, పేద్రో పారమో దివాణంలో వ్యవహారాలు నడిపే మేనేజరు. మిగెల్, పేద్రో తనవాడని ఒప్పుకున్న ఒకే ఒక్క కొడుకు. ఫాదర్ రెంతెరియా, ఊరి గురువు. దొరోతియా, బిడ్డ కోసం అల్లాడిన బిచ్చగత్తె. సుసానా సాన్ హువాన్, పేద్రో జీవితమంతా కోరుకున్న మనిషి. మిగతావాళ్ళు వస్తారు, పోతారు.

## నడిమి పేజీల్లో (ఇక్కడి నుంచి కథ తెలిసిపోతుంది)

అసలు ఎవరు బతికున్నారు, ఎవరు చచ్చిపోయారు?

హువాన్ కొమాలాలో కలిసినవాళ్ళు దాదాపు అందరూ పోయినవాళ్ళే. రూల్ఫో దీన్ని చల్లగా, మాటల మధ్య జారవిడుస్తాడు. దారి చూపింది అబుందియో అని హువాన్ చెబుతాడు. ఒకప్పుడు చెవి పక్కనే తారాజువ్వ పేలి అబుందియో చెవిటివాడైపోయాడని ఎదువిహెస్ అంటుంది. నాతో మాట్లాడినతనికి బాగానే వినిపించింది కదా అంటాడు హువాన్. అయితే అతను అయ్యుండడు, అయినా అబుందియో చనిపోయాడుగా అంటుందామె. తర్వాత దమియానా వచ్చి ఎదువిహెస్ కూడా పోయిందని చెబుతుంది. కొంత దూరం నడిచాక హువాన్‌కి అనుమానం వచ్చి, "దమియానా, మీరు బతికే ఉన్నారా, చెప్పండి" అని అడుగుతాడు. జవాబు రాదు. ఖాళీ వీధిలో ఒక్కడే నిలబడి ఉంటాడు. అడగకుండా ఉంటే ఆమె ఇంకాసేపు తోడు నడిచేదేమో.

హువాన్ ప్రెసియాదో ఎప్పుడు చచ్చిపోయాడు? నేను మిస్ అయ్యానా?

పుస్తకం సగం దగ్గర. కప్పు కూలిన ఇంట్లో అన్నాచెల్లెళ్ళు భార్యాభర్తల్లా బతుకుతున్న చోట అతను రాత్రి తలదాచుకుంటాడు. ఉక్కకి ఊపిరాడదు. గాలి కోసం వీధిలోకి వస్తాడు. గాలి ఉండదు. తను వదిలిన గాలినే పోకుండా దోసిట్లో పట్టుకుని మళ్ళీ పీల్చుకోవాల్సి వస్తుంది. ఆ గాలి కూడా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. తర్వాతి ముక్కలో అతను గోతిలో పడుకుని దొరోతియాతో మాట్లాడుతూ ఉంటాడు. ఉక్కకా చచ్చిపోయావు అంటే, గొణుగుళ్ళు చంపేశాయి అంటాడు. నవలకి రూల్ఫో మొదట అనుకున్న పేర్లలో "గొణుగుళ్ళు" ఒకటి.

ఇక్కడ ఇంకోటి గమనించండి. మొదటి వాక్యం నుంచి హువాన్ ఈ కథంతా చెబుతున్నది గోతిలోంచి, పక్కనున్న దొరోతియాకి. మనకి అనుకున్నాం ఇన్నాళ్ళూ. ఇద్దరినీ ఒకే గోతిలో పూడ్చారు, ఆమె అతని చేతుల మధ్య ఇమిడి ఉంటుంది. బతికుండగా లేని బిడ్డని చేతుల్లో మోస్తున్నాననుకుని తిరిగిన మనిషికి చచ్చాక ఒక కొడుకు దొరికాడు.

రాత్రిపూట చదవచ్చా? భయం వేస్తుందా?

చదవచ్చు. ఉలిక్కిపడే చోట్లు ఒకటి రెండు ఉన్నాయి, ఉరి తీసిన తొరీబియో అల్‌ద్రెతే కేక వాటిలో ఒకటి. మిగతాదంతా భయం కన్నా దిగులు.

వీళ్ళంతా ఎందుకు ఊళ్ళోనే తిరుగుతున్నారు? ఆత్మలకి శాంతి ఎందుకు లేదు?

మెక్సికో పల్లె కాథలిక్కుల నమ్మకం ప్రకారం, పాపసంకీర్తనం చేసి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని, క్షమాపణ పొందకుండా పోయినవాళ్ళకి బతికున్నవాళ్ళ ప్రార్థనలే దిక్కు. మన కాథలిక్కులు ఉత్తరించు స్థలం అంటారే, అక్కడి ఆత్మల కోసం పూజలు చేయించేది అందుకే. నవంబరు రెండున మన దగ్గర సమాధుల పండుగ రోజు కొవ్వొత్తులు వెలిగిస్తారు, మెక్సికోలో అదే రోజున పోయినవాళ్ళకి ఇష్టమైన వంటలు పెట్టి పిలుస్తారు. కొమాలాలో ఆ పని చెయ్యడానికి బతికున్నవాళ్ళు లేరు. గురువేమో క్షమాపణ ఇవ్వలేదు. ఊరు ఖాళీ అయ్యాక ప్రార్థించే నోరే లేదు. ఈ దెయ్యాలు కథకి అలంకారం కాదు. ఒక దొర, ఒక గురువు కలిసి గాలికి వదిలేసిన జనం వీళ్ళు.

ఫాదర్ రెంతెరియా మంచివాడా, చెడ్డవాడా?

ఈ ఒక్క మనిషి గురించి గంటలు మాట్లాడుకోవచ్చు. మిగెల్ పారమో ఆయన అన్నని చంపాడు, అన్న కూతురు ఆనాని చెరిచాడు. మిగెల్ గుర్రం మీద రాతిగోడ దూకబోయి చచ్చినప్పుడు, శవాన్ని దీవించనంటే దీవించనని ఫాదర్ మొండికేశాడు. అప్పుడు పేద్రో పారమో వచ్చి మోకరించే బల్ల మీద గుప్పెడు బంగారు నాణేలు పెట్టాడు. ఫాదర్ ఆ నాణేలు తీసుకెళ్ళి బలిపీఠం దగ్గర పెట్టి, ఇతను రక్షణ కొనుక్కోగలడు, ఇది సరిపోయే ధరో కాదో నీకే తెలియాలి అని దేవుడితో అన్నాడు. తర్వాత ఒక మూల కూలబడి ఏడ్చాడు. సరే ప్రభూ, నువ్వే గెలిచావు అన్నాడు.

అదే రాత్రి ఆయనకి మరియా దియాదా గుర్తొస్తుంది. ఆత్మహత్య చేసుకున్న అక్క ఎదువిహెస్‌ని కాపాడమని వేడుకున్న మనిషి. ఎదువిహెస్ అడిగినవాళ్ళందరికీ తిండీ చోటూ ఇచ్చింది, మంచితనం తప్ప ఇంకోటి తెలియదు. ప్రత్యేక పూజలు చేయించాలి, దానికి డబ్బు అవుతుంది అన్నాడు ఫాదర్. మరియా దగ్గర డబ్బు లేదు. అంతే, ఎదువిహెస్ ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆయన రాక్షసుడు కాదు. తను చేసింది ఏమిటో తెలిసిన మనిషి. పక్క ఊరు కోంత్లా గురువు దగ్గరికి వెళ్ళి పాపసంకీర్తనం చేస్తే, ఆయన క్షమాపణ ఇవ్వడు. ఇద్దరూ ఆ తర్వాత నేల గురించి, పండ్లు పుల్లబడిపోవడం గురించి మాట్లాడుకుంటారు. కొమాలా భూములు మంచివే, ఒక్కడి చేతిలో ఉండటమే బాధ అంటాడు కోంత్లా గురువు. చివరికి రెంతెరియా క్రిస్తెరోలతో కలిసి తుపాకీ పట్టి కొండలెక్కాడని ఒక చిన్న వార్తలా వింటాం.

## చివరి సగంలో

పేద్రో పారమో అంత భూమి ఎలా సంపాదించాడు?

తండ్రి పోయేసరికి అతనికి దక్కింది అప్పులే. అందరికన్నా ఎక్కువ బాకీ ప్రెసియాదోలకి. దోలోరెస్ ప్రెసియాదోని పెళ్ళి చేసుకున్నాడు, బాకీ రద్దు. హద్దుల దగ్గర పేచీ పెట్టిన తొరీబియో అల్‌ద్రెతేని ఫుల్గోర్ ఉరి తీయించాడు. చట్టం సంగతేమిటని ఫుల్గోర్ అడిగితే, ఇకనుంచి చట్టం చేసేది మనమే అని దొర జవాబు. దోలోరెస్ పెళ్ళికబురు విని సిగ్గుపడి, సంతోషంతో వంటింట్లోకి పరిగెత్తే ఘట్టం చదివినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది.

సుసానా మీద అతనిది నిజమైన ప్రేమేనా?

ప్రేమే. అందుకే ఈ పాత్ర అంత కష్టపెడుతుంది. ముప్పై ఏళ్ళు ఎదురుచూశాడు. ఆమె తండ్రి బార్తొలొమేని ఊరికి రప్పించి, తర్వాత ఆంద్రోమెదా గనుల దగ్గర అడ్డు తొలగించుకున్నాడు. ఆమె కోసం చంపినవాడే రాత్రంతా ఆమె మంచం పక్కన కూర్చుని, నిద్రలో ఆమె ఎందుకలా దొర్లుతోందో తెలియక కుమిలిపోతాడు. అన్నీ లాక్కోగలిగినవాడికి ఆమె తలలో ఏముందో మాత్రం చిక్కలేదు.

సుసానాకి పిచ్చా?

ఊరివాళ్ళు అలాగే అనుకున్నారు. చిన్నప్పుడు తండ్రి ఆమెని తాడు కట్టి ఒక గోతిలోకి దింపాడు, బంగారు నాణేల కోసం. అడుగున ఆమె చేతికి దొరికింది పుర్రె. పైనుంచి తండ్రి ఇంకా వెతకమని అరుస్తున్నాడు. అలా పెరిగిన మనిషి పెద్దయ్యాక ఎవరి మాటా వినకుండా తన మొగుడు ఫ్లొరెన్సియో జ్ఞాపకాల్లో, సముద్రస్నానాల్లో బతికితే దాన్ని పిచ్చి అనడానికి నాకు నోరు రాదు. ఆమె చావు మంచం దగ్గర ఫాదర్ రెంతెరియా నోటినిండా మట్టి అంటూ చెవిలో చావు మాటలు చెప్పిస్తుంటే, ఆమె వాటిని ఫ్లొరెన్సియో ముద్దుల మాటలుగా మార్చేసుకుంటుంది. కొమాలాలో పేద్రో పారమోకి, చర్చికి, ఇద్దరికీ లొంగనిది ఆమె ఒక్కతే.

ఊరు ఎండిపోవడానికి కారణం కరువా?

కాదు. సుసానా డిసెంబరు ఎనిమిదిన, నిష్కళంక మాత పండుగ రోజు పోయింది. గంటలు మోగడం మొదలుపెట్టాయి. ఒక్క చర్చి కాదు, అన్నీ. మూడు రోజులకి పైగా ఆగలేదు. ఆ మోత విని చుట్టుపక్కల ఊళ్ళ జనం ఏదో తిరునాళ్ళ అనుకుని వచ్చారు. వాద్యాలు, కోడిపందేలు, లాటరీ, తాగుడు. మేదియా లూనాలో దీపాలు ఆరి ఉంటే కొమాలా వెలిగిపోయింది. చేతులు కట్టుకుని కూర్చుంటాను, కొమాలా ఆకలితో చస్తుంది అని పేద్రో పారమో ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టుకున్నట్టే చేశాడు. ఆ తర్వాత పొలాలు బీడు పెట్టాడు, జనం ఒక్కొక్కరే వలస పోయారు. చేతులు కట్టుకుంటే చాలు ఊరు చచ్చిపోతుంది. ఒక మనిషి గుప్పిట్లో అంత భూమి ఉండటం అంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

విప్లవకారులు వస్తే వాళ్ళకే డబ్బిచ్చాడేమిటి?

వాళ్ళు యాభై వేల పెసోలు అడిగితే పేద్రో పారమో లక్ష ఇస్తానన్నాడు, పైగా మూడొందల మందిని తోడు పంపుతానన్నాడు. ఆ మందకి నాయకుడు తన మనిషి తిల్కువాతే. అలా విప్లవం మేదియా లూనా గడప తొక్కకుండానే పక్కకి మళ్ళింది. తిల్కువాతే తర్వాత గెలిచే పక్షం చూసుకుని జెండాలు మారుస్తూ పోతాడు.

చివర్లో అబుందియో నిజంగా పొడిచాడా? ఏమీ స్పష్టంగా లేదు.

పొడిచాడు, కానీ కత్తి దిగడాన్ని రూల్ఫో చూపించడు. అబుందియో భార్య పోయింది. వైద్యం కోసం గాడిదల్ని కూడా అమ్మేశాడు. తెల్లవారుజామున తాగి, భార్యని పూడ్చడానికి నాలుగు డబ్బులు ఇవ్వమని దొర దగ్గరికి వచ్చాడు. తర్వాత మనకి వినిపించేది దమియానా కేకలు, కనిపించేది నెత్తురంటిన కత్తి. పేద్రో కుర్చీలోనే ఉండి సుసానానే తలుచుకుంటాడు, ఒక్కో అవయవం చచ్చుబడుతూ పోతుంది. లేవబోయి పడి, రాళ్ళ కుప్పలా విడిపోతాడు. పేద్రో పేరు రాయి అనే మాటలోంచి వచ్చింది, పారమో అంటే బీడు నేల.

చంపినవాడు కూడా అతని కొడుకే. మొదటి పేజీల్లో హువాన్‌కి దారి చూపిస్తూ "నేనూ పేద్రో పారమో కొడుకునే" అన్నవాడు. ఆయన ఎలాంటి మనిషి అంటే "బతికున్న పగ" అన్నవాడు.

## చదివేశాక

మళ్ళీ మొదటి నుంచి చదవాలా?

వీలైతే అదే వారంలో చదవండి. రెండోసారి మూడు గంటలు చాలు. మొదటిసారి గందరగోళంగా అనిపించిన ఎదువిహెస్ మాటలు ఈసారి ఒక్కొక్కటీ తగులుతాయి. దోలోరెస్ పెళ్ళిరాత్రి ఆమె బదులు ఎదువిహెస్ ఆ చీకటి గదిలోకి ఎందుకు వెళ్ళిందో, "నేను నీకు తల్లినయ్యేదాన్నే" అని హువాన్‌తో ఎందుకు అందో అప్పుడు తెలుస్తుంది.

సినిమా చూస్తే సరిపోదా?

సరిపోదు. 1967లో కార్లోస్ వెలో తీసిన సినిమాలో అమెరికన్ నటుడు జాన్ గావిన్ పేద్రో పారమోగా వేశాడు. 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినదానికి రొద్రీగో ప్రియెతో దర్శకుడు, అప్పటిదాకా పేరున్న ఛాయాగ్రాహకుడు, పూర్తి నిడివి సినిమాకి దర్శకత్వం అదే మొదలు. మనూయెల్ గార్సియా రూల్ఫో పేద్రోగా, తెనోచ్ వెర్తా హువాన్‌గా చేశారు. పుస్తకం చదివాక చూస్తే 2024 సినిమా బాగుంటుంది, చీకటి గదుల వెలుతురు ప్రత్యేకంగా. కానీ తెర మీద ముఖం కనిపించాలి. పుస్తకంలో ముఖం ఉండదు, గొంతు మాత్రమే ఉంటుంది.

రూల్ఫో ఎవరు? ఈ చావులన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి?

1917లో హలిస్కోలో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు తండ్రిని కాల్చి చంపారు. పదేళ్ళప్పుడు తల్లి పోయింది. తర్వాత గ్వాదలహారాలో అనాథాశ్రమం. చుట్టూ క్రిస్తెరో యుద్ధం. పెద్దయ్యాక వలస శాఖలో, టైర్ల కంపెనీలో ఉద్యోగాలు చేస్తూ దేశమంతా తిరిగాడు, కెమెరాతో వేల ఫొటోలు తీశాడు. ఖాళీ గోడలు, నల్ల ముసుగుల ఆడవాళ్ళు, ఎండ. తర్వాత చాలా ఏళ్ళు ఆదివాసీల సంక్షేమ సంస్థలో పుస్తకాల సంపాదకుడిగా పనిచేశాడు. 1986 జనవరిలో మెక్సికో సిటీలో పోయాడు. తండ్రి కోసం వెళ్ళి సమాధి కూడా దొరకని కొడుకు కథ ఆయన ఊరికే రాయలేదు.

ఇంకేమీ ఎందుకు రాయలేదు?

అడిగినవాళ్ళకి, నాకు కథలు చెప్పే సెలెరీనో బాబాయి చనిపోయాడు అని చెప్పేవాడు. ఒక చిన్న నవలిక, గోల్డెన్ కాకెరెల్, 1980లో అచ్చయింది. మార్కెస్ లెక్కలో ఆయన రాసింది మొత్తం మూడొందల పేజీలు.

దీని తర్వాత ఏం చదవాలి?

1953లో వచ్చిన ఆయన కథల సంపుటి, ఎల్ యానో ఎన్ యామాస్. మొదట "లువినా" చదవండి, కొమాలాకి అది అక్క లాంటి ఊరు. తర్వాత "కుక్కల అరుపులు వినిపించట్లేదా" అనే కథ. గాయపడిన కొడుకుని భుజాల మీద మోసుకుంటూ రాత్రంతా నడిచే తండ్రి. కొడుకు కాళ్ళు తండ్రి డొక్కల్లో గుచ్చుకుని, చేతులు అతని మెడ చుట్టూ బిగుసుకుని ఉంటాయి, తండ్రి చెవులు మూసుకుపోయి ఉంటాయి. ఊరు దగ్గరపడితే కుక్కలు మొరుగుతాయి కదా, వినిపిస్తున్నాయా అని మాటిమాటికీ కొడుకుని అడుగుతాడు, తిడుతూ, మోస్తూ. ఏడెనిమిది పేజీలు ఉంటుంది. ఎవరికైనా పైకి చదివి వినిపించండి.